వాల్స్‌లో ఆఖరి మెట్టు

"నాలుగింటికి యుద్ధమంత్రిని లేపేస్తారట లోర్మో. ఎలాగో తెలీదు. ఆపు."

గూఢచారి శాఖ కర్నల్ బ్రీఫింగ్ అంతే. బాతిస్ట్ లోర్మో గోడ గడియారం వైపు చూశాడు. నాలుగింటికి మార్కీజ్ దొరసాని గారింట్లో ఆ మంత్రి ముందు పియానో వాయించబోయేది తన కూతురు క్లెమాన్స్. ఊరి దృష్టిలో లోర్మో పియానోలు శ్రుతి చేసుకు బతికేవాడు. కూతురికి తెలిసిందీ అంతే.

అతను పరుగున చేరేసరికి స్వరకర్త దువ్రే మాస్టారి కొత్త వాల్స్ నాట్యబాణీ మొదలైపోయింది. మహా చలాకీ ముక్క. క్లెమాన్స్ వేళ్లు పియానో మెట్ల మీద గంతులేస్తున్నాయి. పియానో పక్క కుర్చీలోనే మంత్రి.

పచ్చపట్టు గౌనులో బారనెస్ ఒటీలీ విసనకర్రను మూడుసార్లు మూసింది. అపాయమని కోడ్. బెర్లిన్‌కీ పారిస్‌కీ ఒకేసారి పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె. లోర్మో పక్కకి చేరగానే గొంతు తగ్గించింది.

"బాంబు పియానోలో ఉంది. కుడి కొస మెట్టుకి కట్టారు. ఈ వాల్స్‌లో ఆ మెట్టు ఒక్కసారే నొక్కుతారు. ఆఖరి స్వరం."

"ఇప్పుడే ఆపిస్తా!"

"పిచ్చా? వాయిద్యం ఆగితే మా బెర్లిన్ మనిషి హాల్లోంచే కాల్చేస్తాడు. వాడెవడో నాక్కూడా చెప్పలేదు."

"మరి నాకెందుకు చెబుతున్నావ్?"

"మంత్రి సంగతికి ఒప్పుకున్నా. పిల్ల సంగతి ఎవడూ చెప్పలేదు."

పేజీలు తిప్పే పెద్దాయన్ని పక్కకి నెట్టి లోర్మో ఎడమవైపు నిలబడ్డాడు. ఇక ఒక్క పేజీయే ఉంది. కాగితాలు మొదటికి తిప్పేశాడు.

క్లెమాన్స్ పళ్లు నూరింది. "నాన్నా! వెనక్కి తిప్పావ్!"

"వాయించు తల్లీ. ఆగకు."

కొత్త ముక్క, నోటికి రాదు. కళ్లు చూసిందే చేతులు మళ్లీ మొదటినుంచి వాయించాయి. ముందు వరుసలో దువ్రే మాస్టారు లేచి నిలబడ్డాడు. "నేను ఇలా రాయలేదే!"

లోర్మో కూతురి వెనకగా కుడివైపుకి చేరాడు. జేబులోంచి శ్రుతి చేసేటప్పుడు తీగల మధ్య దోపే ఉన్నిముక్క తీశాడు. కొస మెట్టు పక్క సందులో దోపాడు. జారిపోయింది. క్లెమాన్స్ పేజీలు తనే విసురుగా తిప్పుకుంటోంది. ఆఖరి పేజీ. దేవుడా, నన్ను తీసుకెళ్లు, దాన్ని వదిలెయ్. మళ్లీ దోపి, బొటనవేలు విరిగేలా నొక్కాడు.

క్లెమాన్స్ వేళ్లు కుడికొసకి పరుగెత్తి ఆ మెట్టు మీద పడ్డాయి.

టక్. మెట్టు కదల్లేదు. స్వరం పలకలేదు.

హాలంతా వెర్రిముఖం వేసింది. మూడో వరుసలో ఒక్క బట్టతల పెద్దమనిషి మాత్రం కుర్చీ కింద నక్కి, రెండు చెవులూ మూసుకుని ఉన్నాడు.

బారనెస్ వెళ్లి, కింద పడున్న వాడి పిస్తోలు మీద కాలుపెట్టింది. "వాల్స్ మరీ అంత బాగోలేదా మెస్యూ?"

క్లెమాన్స్ ఏడ్చింది. "ఊరందరికీ శ్రుతి చేస్తావ్. నాకు ఒక్క స్వరం పలికించలేకపోయావా నాన్నా?"

"తప్పు నాదేనమ్మా." అంతకంటే చెప్పే వీల్లేదు.

మర్నాడు కర్నల్ భుజం తట్టాడు. "ఏం కావాలో కోరుకో. పతకమా?"

"వద్దు కర్నల్‌గారూ. ఇంట్లో మా అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. బెర్లిన్‌వాళ్ల చేత, తప్పు మాదేనని చిన్న ఉత్తరం రాయించగలరా?"