రబ్బరు చాప

చాప పరిచి పరీక్ష చేసిన పెద్దమనుషులారా, మిమ్మల్నే అడుగుతున్నాను. గోడ దూకే సిపాయి కాళ్ల కింద మీ రబ్బరు చాప ఎవరు పరుస్తారు? తుపాకీ అమ్ముకున్న కంపెనీవాళ్లూ, సంతకాలు పెట్టిన అధికారులూ కలిసి ఆ తుపాకీలో లోపాన్ని దాచిపెట్టారు. బయటపెట్టింది మాత్రం వంటింట్లో కూరలు తరుగుతున్న ఒక ఇల్లాలు.

ఆమె భర్తను అందరూ మేజరుగారంటారు. ముప్పై ఏళ్లు సైన్యంలో ఆయుధాల డిపో చూశాడు. పాడైన తుపాకీకి ఎర్ర చీటీ కట్టాడంటే, ఎవరు కాళ్లావేళ్లా పడ్డా విప్పేవాడు కాదు. రిటైరయ్యాక పెరటి షెడ్డులో పదకొండేళ్లు కూర్చుని సొంతంగా ఒక రైఫిలు తయారుచేశాడు. ఒక కంపెనీ దాన్ని చేసి అమ్ముతోంది; మొదటి రెండు వందలు సైన్యానికి వెళ్లిపోయాయి కూడా.

ఆ ఉదయం షెడ్డులో ఖాళీ రైఫిలును నడుమెత్తు నుంచి రబ్బరు చాప మీదికి జారవిడుస్తున్నాడు. ఆ చప్పుళ్లు ఆమెకు కొట్టినపిండి. ధబ్బుమని ఊరుకుంటే క్షేమం. వెనకే టిక్కుమంటే లోపల సుత్తి జారినట్టు. తూటా ఉంటే పేలినట్టే.

ధబ్. ధబ్. తర్వాత చాప ఈడ్చిన చప్పుడు. మళ్లీ ధబ్. టిక్.

ఆమె చేతిలో కత్తి ఆగింది. అంతలో ఫోను. కూతురు. సైన్యంలో చేరి ఏడాదిన్నర.

"అమ్మా, నాన్న తుపాకీ మా యూనిట్‌కి వచ్చేసింది. నా పక్కవాళ్లంతా దీన్ని నా చెల్లెలంటున్నారు. పదింటికి దీన్ని వేసుకునే గోడలు దూకాలి."

"తూటాలు ఉంటాయా?"

"దూకి కాల్చాలి కదా, మరి నీళ్లు చిమ్ముతామా? ఫోన్లు లోపల పెట్టేయమంటున్నారు. ఉంటానమ్మా."

"ఆగవే, విను..." లైను పోయింది. మళ్లీ చేస్తే మోగలేదు. గడియారంలో తొమ్మిదింపావు. ఆమె తడిచేతులతోనే షెడ్డుకి పరుగెత్తింది.

"చాప తీస్తే టిక్కుమంది. విన్నాను."

"పరీక్ష చాప మీదే చెయ్యాలని రూలు," అన్నాడు తలెత్తకుండా.

"మరి మీరెందుకు తీశారు?"

ఆయన బల్లను పట్టుకున్నాడు. "నెల నుంచి కంటిమీద కునుకు లేదు. చాప లేకపోతే సుత్తి జారుతోందని కంపెనీవాడికి చెప్పాను. గోల చెయ్యకండి, ఆర్డరు పోతుందన్నాడు. ఇది పోతే నేనెవర్నే?"

"ఇవాళ పదింటికి మీ పెద్దది గోడ దూకుతోంది. మీ చిన్నదాన్ని భుజాన వేసుకుని."

ఆమె సొరుగు లాగి పాత ఎర్ర చీటీ ఒకటి ఆయన అరచేతిలో పెట్టింది. "ఇన్నాళ్లూ పరాయివాళ్ల వాటికి కట్టారు."

ఆయనకి ముడి ఒకపట్టాన పడలేదు. దారం ఆమె పట్టుకుంది. రైఫిలుకి చీటీ కట్టి ఆయన యూనిట్‌కి ఫోన్ చేశాడు.

"దీన్ని తయారుచేసినవాణ్ణి. కసరత్తు ఆపండి. తూటాలు తీయించండి. తప్పు నాది."

చూస్తామన్నారు. పది దాటింది. పదీ పది. గేటు చప్పుడైనా ఆమె ఉలిక్కిపడుతోంది. పదీ ఇరవైకి ఫోను మోగింది.

"నాన్నా, గోడ ఎక్కబోతుంటే లాక్కున్నారు. ఏమైంది? ఏడుస్తున్నావా?"

ఆమె ఆయన తల పొట్టకి అదుముకుని, ఫోను తను తీసుకుంది. "ఏం లేదమ్మా. నీ చెల్లెలికి ఒంట్లో బాగాలేదు."

ఆగింది ఒక్క యూనిట్‌లోనే. మిగతా నూట అరవై ఇంకా పిల్లల భుజాల మీదే ఉన్నాయి. పెద్దమనుషులారా, వాటిని ఇవాళే వెనక్కి తెప్పించండి. చాప తీసెయ్యండి. రాతి మీద పడేసి, చెవి పెట్టి వినండి. అప్పుడు పెట్టండి సంతకం.