అమ్మ లేనప్పుడు అడగాల్సిన ప్రశ్న

“అమ్మ ఎదురుగా అడిగితే ఏ కొడుకైనా సరేనంటాడు. ముందు ఆవిడని బయటికి పంపండి, సిస్టర్.”

క్లాసంతా గొల్లున నవ్వింది. నర్సింగ్ రెండో సంవత్సరం అమ్మాయి తల దించుకుంది. అవయవదానం పాఠం చెప్పడానికి ఆసుపత్రి నుంచి వచ్చిన కుర్ర కోఆర్డినేటర్‌కి ఈరోజు ఆమే దొరికింది. అతను అక్కకి కిడ్నీ ఇచ్చే తమ్ముడు. ఆమె స్నేహితురాలు అతని తల్లి. ఆమె నర్సు. అదీ నాటకం.

“చనిపోయినవాళ్ల అవయవాలైతే ఇంట్లోవాళ్లని అడుగుతాం. బతికున్న మనిషి ఇస్తుంటే అతన్నే ఒంటరిగా అడగాలి. మళ్లీ మొదలుపెట్టండి.”

ఆమెకు ఉక్రోషం వచ్చింది. స్నేహితురాలిని భుజం పట్టి గుమ్మం దాటించింది. “అక్కడే ఉండండి అమ్మగారూ. తొంగిచూస్తే ఊరుకోను.”

మళ్లీ నవ్వులు. ఆమె అతని ఎదురుగా కూర్చుంది.

“కిడ్నీ ఇవ్వడం మీకు ఇష్టమేనా? ఎవరైనా బలవంతపెట్టారా?”

“ఇష్టమే. ఎవరూ బలవంతపెట్టలేదు.”

“భయంగా ఉందా?”

ఆ ప్రశ్న అతను నేర్పినవాటిలో లేదు. పాఠం కోసం తెచ్చిన ప్లాస్టిక్ కిడ్నీని బల్ల మీద పెట్టి, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

“ఉంది.”

“సూపర్ యాక్టింగ్ సార్” అంటూ వెనక బెంచీలవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు.

క్లాసయ్యాక మెట్ల దగ్గర అతన్ని ఆపింది. బయట వాన.

“ఆపరేషన్ ఎప్పుడు?”

అతను గొడుగు విప్పబోయి ఆగాడు. “గురువారం. మీకెలా తెలుసు?”

“నటించేవాళ్లకి అంత చెమట పట్టదు.”

“అందరికీ ధైర్యం చెప్పేవాణ్ణి నేనే. నాకేమో నిద్ర పట్టట్లేదు. అక్కకి చెప్పలేను, అమ్మకి అసలే చెప్పలేను.”

“ఆఖరి నిమిషంలోనైనా వద్దనొచ్చని మీరే చెప్పారుగా.”

“వద్దంటే అక్క ఏమైపోవాలి? పాఠం మీకు అర్థమే కాలేదు.”

గొడుగు విప్పకుండానే వానలోకి దిగి వెళ్లిపోయాడు.

గురువారం ఆమె కాళ్లు ఆపరేషన్ థియేటర్ వైపే నడిచాయి. బెంచీ మీద ఒకావిడ ఒళ్లో రెండు ఫోన్లు పెట్టుకుని కూర్చుంది.

“నా పిల్లలిద్దరూ లోపలే ఉన్నారమ్మా. నువ్వెవరు?”

“మీ అబ్బాయి మాకు పాఠం చెప్పారండీ.”

“తల్లిని బయటికి గెంటిన పిల్లవి నువ్వేనా? ఇంట్లో ఇన్నాళ్లూ నీ గోలే.”

ఇద్దరికీ నవ్వొచ్చింది, నిలవలేదు. తలుపు కదిలినప్పుడల్లా ఇద్దరూ లేచి, మళ్లీ కూలబడ్డారు.

చివరికి డాక్టర్ వచ్చాడు. “మీ అమ్మాయికి కొత్త కిడ్నీ పనిచేస్తోంది. మూత్రం వస్తోంది.”

తల్లి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. “అబ్బాయి?”

“మధ్యలో బీపీ పడిపోయింది. సర్దుకుంది కానీ ఇంకా కళ్లు తెరవలేదు. ఒక్కొక్కరి దగ్గరికి ఒక్కరే వెళ్లండి, కాసేపే.”

తల్లి అటు గది వైపు, ఇటు గది వైపు చూసింది. “పెద్దదాని దగ్గరికి నేను వెళ్తా. నువ్వు వాడి దగ్గరుండు.”

గుమ్మంలో నర్సు అడ్డుకుంది. “మీరేమవుతారు?”

ఆమె వెనక్కి తిరిగి తల్లి వైపు చూసింది.

“మా ఇంటి పిల్లే, వెళ్లనివ్వమ్మా” అంది వెనకనుంచి తల్లి.

అతని చేయి చల్లగా ఉంది. ఆమె రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. ఎంతసేపటికో రెప్పలు కదిలాయి.

“అక్క?”

“బాగుంది.”

అతను ఊపిరి వదిలాడు. “నువ్వెందుకొచ్చావు?”

“మీరంటే ఇష్టం. మీకేమైనా అవుతుందేమోనని ప్రాణం పోయింది.”

అతను నవ్వబోయి, కుట్లు లాగడంతో ముఖం చిట్లించాడు. రెప్పలు మళ్లీ వాలిపోతున్నాయి.

“అప్పుడే నిద్రపోకండి, నాకింకా భయంగానే ఉంది.”

“నాకూ” అన్నాడు అతను, ఆమె వేలు వదలకుండా.