గడుసుపిండం జట్టులో ఐదోవాడు

"ఎవడ్రా ఆ గడుసుపిండం? దమ్ముంటే లేచి నిలబడరా!"

నేనలా అరిచేసరికి నెట్ సెంటర్‌లో కీబోర్డుల టకటక ఒక్కసారిగా ఆగిపోయింది.

అది 2008 ఆగస్టు. ఒంగోలు బస్టాండు వెనక సందులో పన్నెండు కంప్యూటర్ల నెట్ సెంటర్. నా పేరు మాలిక్. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, కాలేజీ కబడ్డీ జట్టులో రైడర్‌ని. నన్నక్కడికి లాక్కొచ్చింది నా రూమ్మేట్ ఏసోబు. అందరూ ఆడేది ఒకటే ఆట. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. మూడు దారులు, దారి పొడవునా బురుజులు, చివర ఒక్కో జట్టుకీ ఒక కోట. ఎవరి కోట ముందు కూలితే వాళ్ళు ఓడినట్టు. ఏసోబు ఇంతే చెప్పి నన్ను కూర్చోబెట్టాడు.

అరగంటలో పద్నాలుగుసార్లు చచ్చి లేచాను. పదిహేనోసారి చచ్చినప్పుడు, మా జట్టులోనే ఉన్న 'గడుసుపిండం' అనే శాల్తీ నుంచి తెర మీద మెసేజ్ వచ్చింది.

"ఈ ఒంగోలు గిత్తకి ఎవరైనా ముక్కుతాడు వెయ్యండర్రా!"

అదీ నా కోపానికి కారణం.

చివరి కేబిన్‌లోంచి మెల్లగా ఒక తల పైకి లేచింది. జడ ముందుకేసుకున్న అమ్మాయి. మెడలో హెడ్‌ఫోన్స్. కళ్ళలో భయం అన్నది మచ్చుకైనా లేదు.

"నేనే. ఏం?"

"మీ... మీరా అండీ?"

"ఇప్పుడే 'రా' అన్నావు, అప్పుడే 'అండీ' అంటున్నావు. కూర్చో. అవతలివాళ్ళు మన కోట గుమ్మందాకా వచ్చారు."

అందరూ గొల్లున నవ్వారు. మూడు నిమిషాల్లో మా కోట కూలింది. నా పరువు అంతకు ముందే కూలింది.

ఆ అమ్మాయి పేరు నజ్మీన్ అనీ, మా కాలేజీలోనే ఈసీఈ చదువుతోందనీ, కౌంటర్లో కూర్చున్న నెట్ సెంటర్ యజమానురాలు నసీమున్నీసా గారు వాళ్ళమ్మే అనీ హాస్టల్‌కి వెళ్ళేదారిలో ఏసోబు చెప్పాడు.

మర్నాడు సాయంత్రం సరాసరి వెళ్ళి ఆ కేబిన్ ముందు నిలబడ్డాను. "నాకు ఆట నేర్పుతావా?"

"ఎందుకు?"

"నిన్ను ఓడించడానికి."

ఒక్క క్షణం ఆలోచించింది. "మంచి కారణమే. కుర్చీ లాక్కో."

అలా మొదలైంది నా చదువు.

"అందరూ చంపడం నేర్చుకోవాలని వస్తారు. నువ్వు ముందు చావకుండా ఉండటం నేర్చుకో. నువ్వు చచ్చిన ప్రతిసారీ అవతలివాడి బలం పెరుగుతుంది. అంటే శత్రువుని నువ్వే అన్నం పెట్టి పెంచుతున్నావన్నమాట."

"సరే."

"ఈ మూల చిన్న మ్యాపు ఉంది చూడు. రెండు సెకన్లకోసారి దాని మీద కన్నెయ్యాలి."

"చూస్తున్నా."

"నువ్వు చూస్తోంది మ్యాపుని కాదు."

చప్పున తెర వైపు తిరిగాను. అప్పటికి ఇంకోసారి చచ్చాను.

"ఇదిగో, ఇలా పారిపోతున్నాడు కదాని వెంటపడకు," అంది. "వాడు పారిపోవట్లేదు, నిన్ను పిలుస్తున్నాడు. అడవిలో నలుగురు కాచుకుని ఉన్నారు."

"కబడ్డీలో ఏడుగురి మీదికి ఒక్కణ్ణే వెళ్తాను, తెలుసా?"

"వెళ్తావు. గీత దాటి వెనక్కి రాకపోతే పాయింటు ఎవరికి?"

వాన కురిసిన సాయంత్రాల్లో కరెంటు పోయేది. అందరూ విసుక్కుంటూ బయటికెళ్ళేవారు. మేమిద్దరం మాత్రం నల్లటి తెరల ముందే కూర్చుని, ఏ దారిన ఎవరు వెళ్ళాలో కాగితం మీద గీతలు గీసుకునేవాళ్ళం. కరెంటు రాకపోతే బాగుండునని నేను అనుకుంటున్న సంగతి ఆమెకు తెలీదు. తెలీదనే అనుకున్నాను.

ఆ గీతల వెనక ఒక కథ ఉందని నాకు హారిక చెప్పింది. హారిక నజ్మీన్‌కి ప్రాణస్నేహితురాలు, ఆటలో ఆమె జట్టు తరఫున బాణాలు వేసే విలుకత్తె.

"పోయినేడాది గుంటూరులో ఒక కాలేజీ ఫెస్టులో ఈ ఆట పోటీకి జట్టు కట్టుకుని వెళ్ళింది. పేర్లు రాసుకునే అబ్బాయి దీని మొహం చూసి, 'ముగ్గుల పోటీ ఆ బ్లాకులో అండీ' అన్నాడు. ఎంత చెప్పినా ఆడనివ్వలేదు. దీని బదులు ఎవణ్ణో కూర్చోబెట్టారు. గోడకానుకుని నిలబడి తన జట్టు ఓడిపోవడం చూసింది. మర్నాటి నుంచి ఆ కాలేజీ ప్రిన్సిపాల్‌కి ఉత్తరం మీద ఉత్తరం రాసింది. ఆరో ఉత్తరానికి జవాబొచ్చింది, ఈసారి ఎవరైనా ఆడొచ్చని."

జట్టులో నజ్మీన్, హారిక, ఏసోబు, వెంకటనారాయణ. ఐదోవాడిగా నన్ను తీసుకుంది. నేను గాల్లో తేలాను. నా పాత్ర ఏమిటో వినగానే కిందపడ్డాను.

"వైద్యుడివి. మా గాయాలు మాన్పాలి, మాకు కవచం వెయ్యాలి."

"అంటే నేను ఒక్కణ్ణి కూడా చంపకూడదా?"

"అవసరం లేదు."

డిసెంబరులో ఆన్‌లైన్‌లో పుణె వాళ్ళతో ప్రాక్టీసు మ్యాచ్ పడింది. గెలిచే ఆట. సగం ప్రాణంతో పరిగెత్తుతున్న ఒకణ్ణి చూసి నా చెయ్యి ఆగలేదు. కవచం వెయ్యడం మానేసి వెంటపడ్డాను. వాణ్ణి చంపాను కూడా! తిరిగి చూసేసరికి మా నలుగురూ చచ్చిపడి ఉన్నారు. కోట కూలిపోయింది.

"ఎందుకెళ్ళావు?" అంది నజ్మీన్.

"నాకు నర్సు పని చెప్తే నేనేం చెయ్యను? చేతకానివాణ్ణని ఆ మూల కూర్చోబెట్టావు. అంతేగా?"

నేను బయటికొచ్చేశాను. నాలుగు రోజులు ఆ సందు వైపు పోలేదు.

ఐదో రోజు మా కబడ్డీ మ్యాచ్ అయిపోయి మొహం కడుక్కుంటుంటే, గ్రౌండు గేటు దగ్గర నజ్మీన్ కనిపించింది.

"ఇప్పటిదాకా నీ ఆట చూశాను," అంది. "కూతకి వెళ్ళినప్పుడు నువ్వు ఒక్కసారి కూడా వెనక్కి చూడవు. వెనక నీ వాళ్ళున్నారన్న ధైర్యం. నాకు ఆ ధైర్యం ఎప్పుడూ లేదు, మాలిక్. ఒక కన్ను ముందు, ఒక కన్ను వెనక పెట్టుకునే ఆడాను ఇన్నాళ్ళూ. ఈసారి వెనక నువ్వుంటే చూసుకోనక్కర్లేదనిపించింది. అందుకే నిన్నడిగాను. చేతకానివాడివని కాదు."

చెప్పేసి వెళ్ళిపోబోయింది.

"ఆరింటికి వస్తా," అన్నాను.

"ఐదున్నరకి రా. నాలుగు రోజుల పాఠాలు బాకీ ఉన్నాయి."

ఫిబ్రవరిలో గుంటూరు వెళ్ళాం. తోడుగా నసీమున్నీసా ఆంటీ వచ్చారు. రెండు మ్యాచ్‌లు అవలీలగా గెలిచాం. ఫైనల్లో మాకెదురు నిరుటి విజేతలు, కెప్టెన్ శివరామకృష్ణ. హాలు కిక్కిరిసింది. మా ఆట గోడంత తెర మీద అందరికీ కనిపిస్తోంది.

నలభై నిమిషాలు గడిచాయి. మా బురుజుల్లో ఒక్కటే మిగిలింది. వాళ్ళవీ అంతే. అప్పుడు శివరామకృష్ణ నా ముందు నుంచే పరిగెత్తాడు. ప్రాణం గోరంత. ఒక్క దెబ్బ చాలు.

"కొట్టరా! కొట్టెయ్!" హాలంతా అరిచింది.

నేను మ్యాపు చూశాను. ఆ చివర వాళ్ళ కోట గుమ్మంలో నజ్మీన్ ఒంటరిగా ఉంది. ముగ్గురు ఆమె మీదికి వస్తున్నారు. ఆమె మాత్రం వెనక్కి చూడకుండా కోటను కొడుతూనే ఉంది.

శివరామకృష్ణని వదిలేసి పరిగెత్తాను. చేరీ చేరగానే నా దగ్గరున్న కవచం ఆమెకు వేసి, ముగ్గురికీ అడ్డంగా నిలబడ్డాను. ఐదు సెకన్లలో చచ్చాను. ఆ ఐదు సెకన్లే కావాల్సింది. వాళ్ళ కోట నిట్టనిలువునా చీలి కూలిపోయింది!

హాలు అదిరిపోయింది. ఏసోబు నన్నెత్తుకుని తిప్పాడు. హారిక, వెంకటనారాయణ బల్లలు బాదుతున్నారు. ఆంటీ ఏకంగా కుర్చీ ఎక్కి నిలబడ్డారు. మైకులో "విజేత జట్టు కెప్టెన్, నజ్మీన్" అని వినపడగానే ఆమె రెండు చేతుల్లో మొహం దాచుకుంది. శివరామకృష్ణ వచ్చి, "నిరుడు మీరు ఆడి ఉంటే మాకు కప్పు దక్కేది కాదండీ," అని మనస్ఫూర్తిగా చెయ్యి కలిపాడు.

కప్పు పట్టుకుని బయటికొస్తే ఆకాశం నల్లగా ఉంది. ఒంగోలు వెళ్ళే దారిలోనే, యడ్లపాడు పక్కన మా ఊరు. కళ్ళంలో ఏడాది పంట మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. "కూలీలు వెళ్ళిపోయార్రా. మీ నాన్నా నేనే ఉన్నాం!"

బస్సు మా ఊరి దగ్గర ఆగగానే నేనొక్కణ్ణే దిగబోయాను. "అందరం దిగుతున్నాం," అంది నజ్మీన్, సంచి భుజాన వేసుకుంటూ.

కళ్ళంలో ఎకరం మేర ఎర్రటి కాయలు. మా నాన్న గౌస్ బాషా, అమ్మ ఇద్దరే తట్టలతో ఎత్తిపోస్తున్నారు. నజ్మీన్ చుట్టూ ఒక్కసారి చూసింది. "ఏసోబూ, వెంకటూ, అంచుల నుంచి లోపలికి లాగండి. హారికా, మాలిక్ వాళ్ళమ్మకి తట్టలందించు. అమ్మా, రాళ్ళు పోగెయ్యి. మాలిక్, నువ్వు నాతో టార్పాలిన్ పట్టాలు పట్టు!"

ఎవరో ఏమిటో అడగకుండానే నాన్న కూడా ఆమె చెప్పినట్టు పరిగెత్తాడు. మిరప ఘాటుకి అందరం తుమ్ముతున్నాం, కళ్ళు ధారలు కారుతున్నాయి. ఆఖరి కుప్ప మీద పట్టా కప్పుతుండగా ఈదురుగాలితో వాన విరుచుకుపడింది. పట్టా తెరచాపలా లేచింది. చెరో కొసా పట్టుకుని దాని మీద బోర్లా పడ్డాం.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"నజ్మీన్! నీకొకటి చెప్పాలి!"

"పట్టా వదలకుండా చెప్పు!"

"నువ్వంటే నాకిష్టం!"

"వినపడలా! గట్టిగా!"

ఊపిరంతా కూడదీసుకుని అరిచాను. "నువ్వంటే నాకు ప్రాణం! నిన్నే పెళ్ళి చేసుకుంటా!"

సరిగ్గా అప్పుడే గాలి ఆగింది. కళ్ళంలో ప్రతి మనిషికీ వినపడింది. నాన్న చేతిలో తట్ట అలాగే ఉండిపోయింది.

నజ్మీన్ తడిసిన ముంగురులు వెనక్కి తోసుకుంది. "మొదటిసారే వినపడింది," అంది నవ్వుతూ. "ఇంకోసారి వినాలనిపించింది. నాకూ అంతే, మాలిక్."

వాన తగ్గాక పట్టా కొస ఎత్తి చూశాడు నాన్న. ఒక్క కాయా తడవలేదు. మిరపకాయలనూ నజ్మీన్‌నూ మార్చి మార్చి చూసి, నా భుజం మీద గట్టిగా ఒకటి చరిచాడు.

పాకలో అమ్మ టీ పెట్టింది. మొదటి గ్లాసు నజ్మీన్ చేతికే ఇచ్చి అడిగింది. "మళ్ళీ ఎప్పుడొస్తావు తల్లీ?"

ఎంతటివాళ్ళకైనా ఎదురు చెప్పే ఆ పిల్ల సిగ్గుతో తల దించేసుకుంది. నసీమున్నీసా ఆంటీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, జవాబు తనే చెప్పారు.

"ఇద్దరి చదువులూ కానివ్వండి. నేనే తీసుకొచ్చి మీ ఇంట్లో వదిలిపెడతాను, వదినా."