జేబులో పానా

తెల్లవారుజామున ఆ ఇంట్లో మొదట వినపడేది గిన్నెల చప్పుడు కాదు, బండి చప్పుడు. ఇల్లాలు వాకిట్లోకి వచ్చి, తాళం తిప్పి, సెల్ఫ్ నొక్కి, హెల్మెట్ పెట్టుకునేలోపు బండి ఒళ్లు వెచ్చబడేది. ఈమధ్య ఆ చప్పుడు మారిపోయింది. బండి అందుకున్నట్టే అందుకుని, గుడగుడమని దగ్గి ఆగిపోతోంది. మళ్లీ నొక్కినా అంతే. రేజ్ ఇస్తే గుర్రుమని లేస్తుంది, వదలగానే చతికిలబడుతుంది.

వసారాలో మంచం మీద కూర్చున్న పెద్దాయన కుడిచెయ్యి ఆ దగ్గు వినపడ్డప్పుడల్లా దానంతటదే బిగిసి, రేజ్ ఇస్తున్నట్టు తిరిగేది. ఆయన ఆ ఇల్లాలికి తండ్రి. ఒంట్లో ఓపికున్నన్నాళ్లూ లారీ తోలాడు. వీధి పిల్లలు ఇప్పటికీ లారీ తాత అనే పిలుస్తారు. భార్య పోయాక కూతురింటికి వచ్చి చేరాడు.

"కొత్త బ్యాటరీ వేయించి ఎన్నాళ్లయిందని? ఇదేం జబ్బో" అంది కూతురు, ఎవరితోనూ కాకుండా. "మీటర్లో గడియారం కూడా రోజూ పన్నెండు దగ్గరే మొదలవుతోంది."

ముందుగదిలో కుట్టుమిషను వెనకనుంచి అల్లుడు తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ చీకట్లో పోవద్దని బండే మొత్తుకుంటోంది. దానికున్న బుద్ధి మనుషులకుండద్దూ."

వేళాకోళంగానే అన్నాడు. ఆమె నవ్వలేదు. ఎలాగో బండిని లేపి, దాన్ని ఆగనివ్వకుండా రేజ్ ఇస్తూనే వెళ్లిపోయింది.

ఆమె ఊరి చివర పంపుహౌసులో పనిచేస్తుంది. ఆమె వెళ్లి మోటార్లు వేసి వాల్వులు తిప్పితేనే సగం ఊరి కుళాయిలకు నీళ్లు. ఆలస్యమైతే వీధివీధినా బిందెలు, బిందెల వెనక తిట్లు. నిన్ననే పైఅధికారి పిలిచి చెప్పాడు, ఇంకొక్కసారి ఆలస్యమైతే పంపుహౌసు తాళాలు వేరేవాళ్ల చేతికి పోతాయని. మగవాళ్లు తప్ప చెయ్యరనుకున్న పని అది. కాళ్లరిగేలా తిరిగి తెచ్చుకుంది. అల్లుడికి మొదటినుంచీ ఇష్టం లేదు. వద్దని కట్టడి చెయ్యలేదు గానీ, రోజూ ఒక పుల్లవిరుపు మాట అనకుండా పంపేవాడు కాదు.

బండి ఎందుకు దగ్గుతోందో పెద్దాయనకు అంతుచిక్కలేదు. తాను ఇంత జాగ్రత్త తీసుకుంటున్నా ఇలా మొరాయిస్తోందంటే, బ్యాటరీయే నాసిరకమని తేల్చుకున్నాడు.

ఆ జాగ్రత్త సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. పాత బ్యాటరీ ఒకరోజు దారిలో చచ్చిపోయింది. పాతకాలపు బండయితే తోసి గేరులో వేస్తే అందుకునేది. దీనికి కరెంటు లేకపోతే పెట్రోలే దిగదట, కిక్కు కొట్టినా తోసినా దండగేనట. మనిషి అలికిడి లేని ఆ రోడ్డుమీద కూతురు బండిని ఇంటిదాకా తోసుకుంటూ వచ్చింది. గ్లాసు అందుకున్న అరచేతులు హ్యాండిలు ఒరిపిడికి ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. పెద్దాయన ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయాడు.

లారీ తోలే రోజుల్లో ఎక్కడ ఆపినా బ్యాటరీ వైరు విప్పి గాని పడుకునేవాడు కాదు. వైరు విప్పిన బ్యాటరీ తెల్లారి ఏనాడూ మోసం చెయ్యలేదు. అందుకే కొత్త బ్యాటరీ వచ్చిన రోజునుంచీ, దీపాలు ఆర్పాక మిషను సొరుగులో ఉన్న రెండో తాళం తీసుకుని, బండి పక్కమూత తెరిచి, పానాతో వైరు విప్పేవాడు. కూతురు లేవకముందే మళ్లీ బిగించి, తాళం సొరుగులో పెట్టేసేవాడు. పానా చొక్కా జేబులో ఉండేది.

అడిగి చెయ్యొచ్చు కదా అంటే, అడిగే ముఖం లేదు. వచ్చిన కొత్తలో అల్లుడి మిషను కిర్రుమంటోందని నూనె వేశాడు. లారీకి పోసిన చేత్తో పోశాడు. ఎవరిదో తెల్లబట్ట తడిసి ముద్దయింది. అల్లుడు కోప్పడలేదు. చేతులు జోడించి, "మామయ్యా, మీరు హాయిగా కూర్చోండి, చాలు" అన్నాడు. ఆ రోజునుంచీ ఆయన కూర్చునే ఉన్నాడు. హాయిగా మాత్రం లేదు.

ఆ సాయంత్రం కూతురు మెకానిక్ దగ్గర ఆగి ఇంటికొచ్చింది. ఏమన్నాడని భర్త అడిగితే, ఏమీ అనలేదంది. అన్నం దగ్గర ఎవరి కంచం వాళ్లు చూసుకున్నారు. పడుకోబోయే ముందు ఆమె వాకిట్లోకి వెళ్లి మీటర్లో గడియారం సరిచేసి వచ్చింది. అది పెద్దాయన చూడలేదు. ఎప్పటిలాగే తన పని తాను చేసుకున్నాడు.

తెల్లవారుజామున ఆమె టార్చి పట్టుకుని బండి దగ్గరికి వెళ్లింది. తాళం తిప్పి మీటరు చూసింది. పన్నెండు. సెల్ఫ్ నొక్కలేదు. తిన్నగా లోపలికొచ్చి మిషను దగ్గర నిలబడింది.

"సొరుగులో ఉన్న రెండో తాళం ఇటివ్వండి."

అల్లుడు సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. "పొద్దున్నే దానితో పనేంటి?"

"మెకానిక్ ఏమన్నాడో చెప్పమన్నారుగా, చెబుతున్నా. బ్యాటరీ వైరు తీసిన ప్రతిసారీ ఈ బండి తను నేర్చుకున్నదంతా మర్చిపోతుందట. ఎంత గాలి, ఎంత పెట్రోలు కావాలో మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాలట. గడియారం కూడా అందుకే మొదటికొస్తోందట. 'ఇంట్లో ఎవరో రోజూ వైరు పీకుతున్నారక్కా' అన్నాడు. నేను నవ్వి, మా ఇంట్లో అలాంటివాళ్లు ఎవరున్నారన్నాను." ఆమె టార్చి సొరుగు వైపు తిప్పింది. "తాళం ఉండేది మీ సొరుగులో. నేను పోవడం ఇష్టం లేనిది మీకు."

"నేను మాట అన్నాను. ఒప్పుకుంటాను. వైరు ముట్టుకోలేదు."

"రోజూ మాట అనేవాళ్లు వైరు ముట్టుకోరని నేనెలా నమ్మాలి?"

అతను సూది కింద పెట్టాడు.

"ఇవాళ ఆ పంపుహౌసు తాళాలు నా చేతిలోంచి పోతే పోనీ. పోకపోతే, ఆ పక్కనే ఒక గది ఖాళీగా ఉంది. నడిచి పోతాను, నడిచి వస్తాను. ఇక్కడికి మాత్రం రాను."

పెద్దాయన గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. మర్చిపోతుందట అన్న మాట దగ్గరే ఆయన చెయ్యి జేబులో పానా మీదికి పోయింది. నోరు మూసుకుంటే నింద అల్లుడి నెత్తిన ఉంటుంది, కాపురం రెండు ముక్కలవుతుంది. నోరు తెరిస్తే ఈ వసారాలో తన మంచం ఉంటుందో ఉండదో. పోవడానికి ఇంకో గుమ్మం లేదు. ఆయన మిషను దగ్గరికి నడిచాడు. బల్లమీద కుడుతున్న బట్టను మోచేత్తో జాగ్రత్తగా పక్కకు జరిపాడు. జేబులోంచి పానా తీసి అక్కడ పెట్టాడు.

"అల్లుడుగారు కాదమ్మా. నేను."

ఇద్దరూ పానా వంక చూశారు.

"నువ్వా? ఎందుకు నాన్నా?"

"ఆ రోజు నువ్వు తోసుకుంటూ వచ్చావు. రాత్రి వైరు విప్పితే బ్యాటరీ దిగదు. లారీకి అలాగే చేసేవాణ్ణి."

"ఒక్కమాట అడగొచ్చు కదా."

"అడిగితే కూర్చోమంటారు."

ఆ మాటకు అల్లుడు తల దించుకున్నాడు. కూతురికి కోపం వచ్చిన దారి తెలుసు గానీ పోవలసిన దారి తెలియలేదు. కళ్లు తుడుచుకుని, ముందు నీళ్లు వదలాలి అంటూ బయటికి నడిచింది.

అల్లుడు టార్చి పట్టుకున్నాడు. ఆమె తాళం తిప్పి చెయ్యి వెనక్కి తీసేసుకుంది. ట్యాంకులోంచి సన్నగా రొద వినపడింది. అది పెట్రోలు పైకి తోసే పంపని, అది ఆగేదాకా సెల్ఫ్ నొక్కకూడదని మెకానిక్ చెప్పాడంది. రొద ఆగింది. నొక్కింది. బండి అందుకుంది, వెంటనే గొంతు పట్టేసినట్టు దిగజారిపోసాగింది. పెద్దాయన చెయ్యి హ్యాండిలు మీదికి పోయింది.

"రేజ్ ఇవ్వకు నాన్నా. రోజూ నేను చేసిన తప్పూ అదే. దాన్నలా వదిలేస్తే అదే నేర్చుకుంటుందట."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. బండి చప్పుడు ఆరిపోబోతూ, లేస్తూ, మళ్లీ జారుతూ ఉంది. జారినప్పుడల్లా ఆయన వేళ్లు ముడుచుకున్నాయి. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. చాలాసేపటికి చప్పుడు ఒక దారిలో పడింది. కూతురు ఎవరి వంకా చూడకుండా బండెక్కి వెళ్లిపోయింది.

పెద్దాయన వసారాలోకి వచ్చి మంచం కిందనుంచి సంచీ లాగాడు. రెండు పంచెలు మడిచి పెట్టాడు. అల్లుడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఎక్కడికి మామయ్యా?"

ఆయన సంచీ మూతి ముడేశాడు. వాకిట్లో కుళాయి కింద బిందె ఖాళీగా ఉంది. ఇద్దరూ దాని వంకే చూస్తూ ఉండిపోయారు. వెలుగు వచ్చింది. పక్కింటివాళ్లు బిందెలు జరుపుకుంటున్నారు. అంతలో కుళాయి గుర్రుమంది. గాలి వదిలింది. రెండుసార్లు దగ్గి, ఎర్రగా కాసిని నీళ్లు కక్కి, ఆ తరవాత ధార కట్టింది. పెద్దాయన వెళ్లి ధార కింద చెయ్యి పెట్టాడు. తియ్యలేకపోయాడు. ఆయన భుజాలు కదులుతుంటే అల్లుడు మొహం తిప్పుకున్నాడు.

"వేళకే వదిలింది" అన్నాడు అల్లుడు. "మీరు నోరు తెరవకపోతే ఆ నింద నా మెడకే చుట్టుకునేది. అయినా మామయ్యా, నేను వైరు ముట్టుకోలేదన్నమాటే గానీ, బండి దగ్గినప్పుడల్లా ఇవాళ ఆగిపోతుందేమోనని లోపల సంతోషపడ్డాను. అది మీరు చేసినదానికంటే తక్కువేం కాదు."

లోపలికి వెళ్లి నూనె డబ్బా తెచ్చి ఆయన తడిచేతిలో పెట్టాడు.

"మిషను కిర్రుమంటోంది. ఒక్క చుక్కే వెయ్యండి."

మధ్యాహ్నం కూతురు వచ్చేసరికి తండ్రి మిషను ముందు వంగి, డబ్బా మూతిని సూదిమొనలా పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఉన్నాడు. అల్లుడు పక్కన బట్ట అడ్డం పట్టుకున్నాడు. ఆమె భర్త దగ్గరికి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసింది. క్షమించమని నోటితో అనలేదు. అతను ఆ చేతిమీద తన చెయ్యి వేశాడు. తరవాత ఆమె రెండో తాళం సొరుగులోంచి తీసి తండ్రి చొక్కా జేబులో, పానా ఉండే చోట వేసింది.

"రేపట్నుంచి నేను తయారయ్యేలోపు బండి నువ్వే స్టార్ట్ చేసి ఉంచాలి. రొద ఆగేదాకా నొక్కకు. రేజ్ ఇవ్వకు."

"మరి నొక్కాక నేనేం చెయ్యాలి?"

"పక్కన నిలబడు నాన్నా."

ఆయన జేబు తడుముకున్నాడు. "కూర్చోమనలేదు కదా" అన్నాడు.