తుడవని డైరెక్టరీ

"టార్గెట్ మేస్త్రీయే. ఎత్తేయండి."

ఏజెంట్ ముంగిస పంపిన ఆ ఒక్క మెసేజ్‌తో సాఫ్ట్‌వేర్‌ని కూర్చే బిల్డ్ సెక్షన్‌లో మేస్త్రి చేతులకు బేడీలు పడ్డాయి. అప్పుడాయన క్యారియర్ విప్పుతున్నాడు. పై గిన్నె తనకి, కింది గిన్నె పక్క సీటులోని ముంగిసకి. ముంగిస ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అదే వరస.

"తమ్ముడూ, నువ్వైనా చెప్పు వీళ్లకి!"

తమ్ముడు తల తిప్పుకున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే గూఢచారి ఉద్యోగం. లెక్క తప్పితే ఏం చెయ్యాలో మాత్రం ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు.

అసైన్‌మెంట్ చిన్నదే. మెట్రో రైళ్ల బ్రేకులను నడిపే సాఫ్ట్‌వేర్‌లోకి విదేశీ ముఠా ఒక ఫైల్ దూర్చింది. వాళ్ల సిగ్నల్ అందితే బ్రేకులు పడవు. ఆపరేషన్ కోడ్ నేమ్ 'ఎర్రదీపం'. ఆ వెర్షన్ ఈ సాయంత్రమే రైళ్లలోకి ఎక్కుతుంది. కాంట్రాక్ట్ ఇంజనీరు వేషంలో చేరిన ముంగిస దూర్చినవాణ్ణి పట్టుకోవాలి. లోపల తోడుగా డిపార్ట్‌మెంట్ మనిషే ఇంకొకరున్నారు. ఆమె సెక్యూరిటీ ఆడిటర్. ముదురెరుపు కోటు వేసుకుని ఆమె నడిచొస్తుంటే ఫ్లోరంతా కీబోర్డులు ఆగిపోయేవి.

"ఫైల్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, రెసిపీలో లేదు. రెసిపీని చివరిసారి దిద్దింది మేస్త్రి. ఇంకేం కావాలి? ఆ ఫైల్ తీసేసి నేనే సంతకం పెడతా," అని తేల్చేసిందామె.

రెసిపీ అంటే ఏ ఫైళ్లు తేవాలో, ఎక్కడ విప్పాలో, ఏం కంపైల్ చేసి సాఫ్ట్‌వేర్‌గా మార్చాలో మిషన్‌కి చెప్పే ఆదేశాలు. చేసినవాడు దొరక్కపోతే పేరు కనిపించినవాణ్ణి ఉరితీయడం ప్రతి ఆఫీసుకీ ఉన్న జబ్బే. ముంగిసకీ అంటుకుంది.

కింది గిన్నె మూత తియ్యకుండానే టేబుల్ మీద ఉండిపోయింది. దాన్ని చూస్తూ కూర్చోలేక, మేస్త్రిని బంధించిన స్టోర్ రూమ్‌కి దిగాడు.

"ఓహో, పోలీసువా నువ్వు?" మేస్త్రి పైనుంచి కిందకి చూశాడు. "బీపీ ఉందన్నావని మా ఆవిడ రోజూ ఉప్పు తగ్గించి వండేది. అదీ అబద్ధమేనా?"

అబద్ధమే. ముంగిస బలవంతాన డ్యూటీ గుర్తు తెచ్చుకున్నాడు.

"ఆ ఫైల్ ఎందుకు దాచావు?"

"దాచడమేంట్రా! టెస్ట్ ఫైల్ అని ఆడిటర్ మేడమే పెట్టించింది. ఒక బిల్డ్ అయ్యాక తీసెయ్యమంది. తీసేశా."

"తీసేస్తే బ్రేకుల్లో ఎలా ఉంది?"

మేస్త్రి రెండు చేతులతో, బేడీలతో సహా, నెత్తి కొట్టుకున్నాడు.

"సోర్స్ డైరెక్టరీ! పద్ధతి ప్రకారం పని జరిగే వర్క్ డైరెక్టరీ లోపల సోర్స్ కోడ్‌కి వేరే గది ఉండాలి. ప్రతి బిల్డ్‌కీ దాన్ని తుడిచి, కొత్తగా విప్పుకోవాలి. మేడమ్ టైమ్ వేస్ట్ అని రెండూ ఒకటే చేయించింది. సోర్సూ, చెత్తా, తయారైన సరుకూ అన్నీ ఒకే గదిలో. తుడిస్తే అన్నీ పోతాయని ఎవడూ తుడవడు. నేను రెసిపీలో పేరు కొట్టేశా. ఫైల్ మాత్రం అక్కడే కూర్చుంది. అక్కడ ఏదుంటే అది కంపైల్ అయిపోతుంది!"

మన మనిషనుకున్న మనిషే ముఠా మనిషి. ముంగిస నమ్మింది ఆమెని. బేడీలు వేయించింది ఈయనకి.

"ఇప్పుడెలా అన్నయ్యా?"

"అన్నయ్యా అనకు. వర్క్ డైరెక్టరీ మొత్తం తుడిచెయ్. పరిగెత్తు!"

పైన, అద్దాల గదిలో ఆడిటర్ సంతకం కీని మిషన్‌కి గుచ్చింది. ఆ డిజిటల్ సంతకం పడితే సరుకు రైళ్లకి వెళ్లిపోతుంది. ఆమె వేలు బటన్ మీదకి వెళుతోంది.

ముంగిస దగ్గర బొత్తాం కెమెరా ఉంది, వాచీలో జామర్ ఉంది, బూటు మడమలో కత్తి ఉంది. ఒక్కటీ పనికిరాలేదు. పరుగున వచ్చి మేస్త్రి కుర్చీలో తనే కూలబడి, గిన్నె పక్కకు జరిపి, కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కాడు.

అదే క్షణంలో ఆమె బటన్ నొక్కింది.

తెర మీద ఎర్రగా పడింది: 'సంతకానికి ఫైల్ లేదు.'

మళ్లీ నొక్కింది. అవే ఎర్ర అక్షరాలు. చెత్తతో పాటు సరుకూ ఊడ్చుకుపోయింది. ఒకే గది చాలని రూల్ పెట్టింది ఆమే మరి. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు తీసేలోపు ముంగిస కేక విన్న గార్డులు మీద పడ్డారు.

సోర్స్‌ని వేరే డైరెక్టరీకి మార్చి, అదే రెసిపీతో మళ్లీ బిల్డ్ చేశారు. ఆ ఫైల్ లేదు. మేస్త్రి నిజమే చెప్పాడని మిషనే సాక్ష్యం చెప్పింది.

"శభాష్! మెడల్ ఖాయం," ఫోన్‌లో బాస్. "కొత్త వెర్షన్ రైళ్లెక్కేదాకా అక్కడే ఉండు."

"మరి మేస్త్రికి, సార్?"

"సారీ చెప్పు. ఖర్చులేని పని."

చెప్పాడు. మేస్త్రి విన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రి క్యారియర్ విప్పాడు. అందులో ఒక్కటే గిన్నె. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇవాళ ఉప్పు సరిపోయింది," అన్నాడు, గోడతో అన్నట్టు.

ముంగిస లేచాడు. శత్రువుల రహస్య స్థావరాలకి దారి కనిపెట్టిన మొనగాడు, క్యాంటీన్ ఎటో వాచ్‌మన్‌ని అడిగాడు.