వెనక బరువు

మూసీ వరద నాటికి కోటయ్యకు పదేళ్ళు. ఆ వరద పోయిన నలభై ఒకటో ఏట, మిలిటరీవాళ్ళు వేలం వేసిన పికప్పు మోటారొకటి కోదాడలో అతని వాకిట్లోకి వచ్చింది. తెచ్చినవాడు కొడుకు అబ్రహాం. అది వచ్చిన వారానికి ఎడ్లను అనంతగిరిలో బావమరిదికి తోలేశారు. బండి ఒక్కటి మిగిలింది. ఆ బండిని మోటారు వెనక తగిలించి మిర్యాలగూడ మిల్లుకు వడ్లు వేయాలని అబ్రహాం పట్టుదల.

తగిలించేది ఎట్లా అన్న దగ్గర పేచీ మొదలైంది. అబ్రహాం సూర్యాపేట పాత ఇనుప కొట్లో ఒక మిలిటరీ కొక్కెం ఎంచుకొచ్చాడు. బండి ముందుకు చాచిన నొగ కొయ్యకు బిగించిన కడియం అందులో పడితే పైనుంచి ఇనుప నాలుక మూసుకుంటుంది. కోటయ్యకు అది నచ్చలేదు. నాలుక లేవకుండా దాని బెజ్జంలో కొట్టడానికి కమ్మరి ఐలన్న చేత జానెడు సీల ఒకటి చేయించి తెచ్చాడు.

ఆ పొద్దున పిచ్చమ్మ జొన్నరొట్టెలు తడుతుంటే బయట సుత్తె మోత. అబ్రహాం మోటారు చట్రానికి కొక్కెం బోల్టులు బిగిస్తున్నాడు.

"నాలుక వదులుగున్నది. గతుకుల్లో లేస్తది," అన్నాడు కోటయ్య.

"లేవది నాయినా. ఫిరంగి తోపులు గుంజిన కొక్కెమిది."

"గీ సీల కొట్టు."

"సీలలు ఎడ్లబండికి. ఇది మోటారు. జర ఊకో."

పిచ్చమ్మ పిండి చేతులతోనే గడపలోకి వచ్చింది. "మూడొద్దులాయె! అన్నం కాడ కొక్కెం, నిద్రల కొక్కెం. మీ ఇద్దర్నీ దానికే యాలాడగడ్త. రొట్టెలు సల్లారుతున్నయ్, రాండ్రి!"

ఎవరూ రాలేదు.

"మామా, నువ్వన్నా తిను," అంది కోడలు ఎస్తేరు.

"నాకు పనుంది," అన్నాడు కోటయ్య. బస్తాలు వేయడం ఒక్కటే ఇప్పుడతనికి మిగిలిన పని. ఎవరినీ చేయి పెట్టనివ్వలేదు. అన్నీ సర్ది, నొగ ఒంటిచేత్తో ఎత్తి చూశాడు. తేలిగ్గా లేచింది. తృప్తిగా తల ఊపాడు.

"నువ్వూ ఎక్కు నాయినా."

"నేనెక్క. మీరే పోండ్రి."

సీల ముట్టకుండానే అబ్రహాం కడియం కొక్కెంలో వేసి నాలుక మూశాడు. పుట్టింటికి పోయే ఎస్తేరు బస్తాల మీద కూర్చుంది. ఊరు దాటి వాగు పల్లంలో దిగగానే బండి తోక అటూ ఇటూ ఊగింది. నొగ పైకి తన్నింది. నాలుక లేచింది. బండి వెనక్కి కూలబడి పక్క చేలోకి ఒరిగింది. ఎస్తేరు ముందే దూకింది కాబట్టి మోచేయి గీరుకుపోవడంతో సరిపోయింది.

అబ్రహాం బండిని లేపించి, ఎస్తేరుతో ఇంటికొచ్చి తండ్రి ముందు నిలబడ్డాడు.

"బస్తాలన్నీ ఎనకకే ఎందుకేసినవ్?"

"నీ నాలుక లేసిందా లేదా? నేను సెప్పలే?"

"నొగ పైకి తంతే ఏ నాలుక ఆగుతది? మోటారెనక బండికి ముందు బరువుండాలె. నీకు కోపం మోటారు మీదనా, నా మీదనా? కావాలనే ఏసినవ్ గదా! నా పెండ్లాం సచ్చిపోతుండె!"

పిచ్చమ్మ చేతిలోని తట్ట నేలకేసి కొట్టింది.

"నోరు మూయ్‌రా! ముందు బరువైతే ఎడ్ల మెడలు పుండ్లు పడ్తయని మీ నాయిన ఎప్పుడూ ఒక బస్తా ఎనక్కే జరుపుతడు. నువ్వు పుట్టకముందు నుంచీ గంతే. నీకు ఎరక లేదా?"

అబ్రహాం తండ్రి వంక చూశాడు. ఆయన ఖాళీ ఎడ్ల కొట్టం వైపు చూస్తున్నాడు.

"చెయ్యి దానంతటదే ఎనక్కి పోయింది," అన్నాడు కోటయ్య. "మోటారుకు మెడ లేదన్నది... యాదికి రాలే బిడ్డా." కండువాతో మొహం కప్పుకున్నాడు.

అబ్రహాం కింద కూలబడ్డాడు. "ముందు బరువుండాలని మిలిటరీ డ్రైవరు నాకు సెప్పిండు. నీకు నేను సెప్పలే. నిన్ను అడగాల్సినోన్ని, ఊకో అన్న." కొక్కెం వైపు చూసి, "నాలుక కూడా వదులే నాయినా," అన్నాడు.

మోచేతికి పసుపు పూసుకుంటున్న ఎస్తేరు వాళ్ళిద్దర్నీ చూసింది. "ఈసారి నేను మోటారు లోపలే కూసుంట. ఎవలు ఎట్ల తగిలించుకున్నా సరే."

పిచ్చమ్మ పళ్ళేలు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. "పొద్దుటి రొట్టెలు. చెప్పుల లెక్కయినయ్. నమలండ్రి. నేనైతే మళ్ళ చెయ్య."

ఇద్దరూ నమిలారు.

మర్నాడు తెల్లవారగానే కోటయ్య బస్తాలు ముందుకు జరిపి వేశాడు. నొగ భుజానికెత్తుకుని, బరువు మెడ మీద దిగేదాకా నిలబడి చూశాడు. కడియం కొక్కెంలో వేసి, నాలుక మూసి, దాని బెజ్జంలో ఐలన్న సీల దిగ్గొట్టాడు. తర్వాత కొట్టంలోకి పోయి, కాడి కింద ఎద్దు మెడకు వేసే గోనెపట్టా తెచ్చాడు. మడతపెట్టి నొగకూ కొక్కేనికీ మధ్య మెత్తగా కట్టాడు. దాన్ని ఒకసారి చేత్తో నిమిరి, పోయి మోటారు ఎక్కి కూర్చున్నాడు.