పచ్చ తలుపుల ఇంట్లో పియానో

అది రెండు వేల పన్నెండు, మే నెల. ఉసిళ్లు లేచే రోజులు.

న్యూ ఆర్లియన్స్‌లో, మా ట్రెమే పేటలో, పచ్చ తలుపుల ఇంటి ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడిచేవారు కాదు. జాజ్ పియానోలో అంతటివాడు లేడనిపించుకున్న ల్యూషన్ దెజార్డిన్ ఆ ఇంట్లోనే పోయాడు. ఇల్లు మూతబడింది. పియానో లోపలే ఉండిపోయింది. రాత్రిళ్లు అందులోంచి ఒక్క స్వరం... టంగ్‌మని. ఒక్కటే. మళ్లీ కొన్నాళ్లకు ఇంకోటి.

"ఆగిపోయిన పాట వెతుక్కుంటున్నాడు" అనేవారు జనం.

"ఎలకర్రా అది!" అని నేను మొత్తుకునేవాణ్ణి. వినేదెవరు?

నన్ను మామా అని పిలిచే ఎదురింటి ఆల్సిడ్ అసలే వినడు. ల్యూషన్ అంటే వాడికి ప్రాణం. ఇల్లు మూతబడకముందే ఆయన టోపీ, విరిగిన కళ్లద్దాలు, సగం కాల్చిన చుట్ట కూడా ఏరి తెచ్చి అద్దాల బీరువాలో పెట్టాడు. పియానో కోసం ముందుగదిలో గోడవార జాగా ఖాళీగా ఉంచాడు. ల్యూషన్ మేనకోడలు ఎర్నెస్టీన్ తాళంచెవి ఏనాడో వాడి చేతిలో పెట్టింది.

"తీసుకుపో నాయనా. నేను మాత్రం లోపలికి రాను."

"పగలు చూసుకుని తెస్తాలే పెద్దమ్మా."

"పగలైతే ఆయన ఊరెళ్తాడా?"

అంతే. వీడి కాలు ముందుకు పడలేదు. ఏళ్లు గడిచాయి.

చివరికి ఆ మే నెలలో, తెల్లారితే ఆ ఇల్లు కూల్చేస్తారనగా, పొద్దుగూకాక వెళ్లాడు. దీపం వెలిగిస్తే ఉసిళ్లు ముసురుతాయని పేటంతా దీపాలు ఆర్పుకుని కూర్చుంది. వాడూ చీకట్లోనే తలుపు తీశాడు.

"ల్యూషన్ బాబాయ్... కోపం తెచ్చుకోకు. ఆ పియానో ఒక్కటీ..."

టంగ్!

మెత్తగా ఏవో మొహాన్ని తడిమాయి... వందల వేళ్లలా. అయినా వాడు వెనక్కి తిరగలేదు. తడుముకుంటూ వెళ్లి పియానో మీద చెయ్యి ఆనించాడు.

చెయ్యి లోపలికి దిగిపోయింది — మోచేతి దాకా.

"మామా! లాగేస్తున్నాడు!"

ఆ కేకకు నేను లైటు పట్టుకుని పరిగెత్తాను.

పైన నిగనిగలాడే వార్నిషు. దాని కింద కొయ్యే లేదు. అంతా చెదలు. వాడి చెయ్యి దిగిన కన్నంలోంచి ఉసిళ్లు పొగలా లేస్తున్నాయి. తీగలు బిగించిన బిరడాలకు పట్టు లేదు. నేను చూస్తుండగానే ఒకటి జారింది. తీగ టంగ్‌మంది.

పేట పేటంతా దీపాలార్పుకున్నది ఇక్కడ పుట్టిన పురుగులకే!

"ఎలకన్నావుగా?" అన్నాడు ఆల్సిడ్, చెయ్యి దులుపుకుంటూ.

"నువ్వు దెయ్యమన్నావుగా? మొదట మోగిన రోజే తలుపు తీసుంటే?"



తెల్లారి, ఇనుప చట్రాన్ని పాత ఇనుముతో పాటు లారీలో పడేశారు. మిగతా పియానోను చీపురుతో ఊడ్చారు.